ప్రతి నెలా అద్దె ఆలస్యం: ఫ్లాట్లు చూసుకునేవాళ్లు ఎప్పుడు ఏం చేయాలి?

మియాపూర్_ఫ్లాట్స్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మియాపూర్, హఫీజ్‌పేట్, చందానగర్ వైపు ఓనర్ల తరఫున ఫ్లాట్లు చూసుకునే పని మాది. ఓనర్లలో చాలామంది బయటి దేశాల్లో ఉంటారు కాబట్టి టులెట్ బోర్డు పెట్టడం దగ్గర నుంచి తాళాలు వెనక్కి తీసుకునేదాకా అన్నీ మేమే చూస్తాం. అద్దెలు 18,000 నుంచి 32,000 మధ్య ఉంటాయి. అగ్రిమెంట్ అందరూ రాయించేదే: 100 రూపాయల బాండ్ పేపరు, నోటరీ, 11 నెలలు, రెండు నెలల అడ్వాన్స్, "ప్రతి నెల 5వ తేదీలోపు అద్దె చెల్లించవలెను" అని ఒక లైను.

ఆలస్యాలు మూడు రకాలు. కొందరు ఎగ్గొట్టరు, కానీ ఏ నెలా 12కో 15కో తప్ప వేయరు. ఇంకొందరు సగం వేసి "మిగతాది సర్దుతాం సార్" అంటారు, ఆ మిగతాది వచ్చే నెలతో కలిసిపోతుంది. మూడోది ఒకే ఫ్లాటు, నంబరు 304, అసలు తలనొప్పి అదే. డబుల్ బెడ్‌రూం, అద్దె 24,000, మెయింటెనెన్స్ 3,500. రెండు నెలలుగా రూపాయి రాలేదు. ఫోన్ ఎత్తరు. వాట్సాప్‌లో మాత్రం "అడ్వాన్స్‌లో పట్టుకోండి" అని పెట్టారు. ఓనరేమో తాళం మార్చేయండి, లేదంటే అసోసియేషన్‌తో చెప్పి నీళ్లు ఆపించండి అంటున్నారు.

లేట్ ఫీజు ఎంత పెట్టొచ్చు? నోటీసు ఎప్పుడు, ఎలా పంపాలి? అడ్వాన్స్‌లో పట్టుకోవచ్చా? ఈ పనిలో ఉన్నవాళ్లు వివరంగా చెప్పగలరు.

కూకట్‌పల్లి_రెంటల్స్

ఆ మూడు రకాలనూ ఒకే గాటన కట్టకండి. మొదటి రకానికి తేదీ మార్చాలి, రెండో రకానికి లెక్క బిగించాలి, మూడో రకానికి ఈ వారమే నోటీసు వెళ్లాలి. అందరికీ ఒకే మెసేజ్, ఒకే లేట్ ఫీజు పెడితే మంచి టెనెంటు నొచ్చుకుంటాడు, ఎగ్గొట్టేవాడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

మొదటి రకం సంగతి. వాళ్ల జీతం ఏ తేదీన పడుతుందో అడిగారా? ఐటీ కంపెనీల్లో నెలాఖరుకే పడుతుంది, వాళ్లకు 5వ తేదీ సరిపోతుంది. చిన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో, స్కూళ్లలో, కాంట్రాక్టు ఉద్యోగాల్లో 7 నుంచి 10 దాకా వెళ్తుంది. 10న జీతం వచ్చేవాడి దగ్గర 5 అని రాయించుకుంటే మొదటి నెల నుంచే ఆలస్యం మొదలవుతుంది, రెండు వైపులా దానికి అలవాటు పడిపోతారు. ఓనరుకు చెప్పి గడువును జీతం తేదీకి రెండు రోజుల తర్వాతకు మార్చండి. అగ్రిమెంటుకు జతగా ఒక పేజీ రాసుకుని ఇద్దరూ సంతకం పెడితే చాలు. అద్దె లెక్కించే కాలం ఒకటి నుంచి నెలాఖరు వరకే ఉంచి, కట్టే తేదీ ఒక్కటే మార్చండి. కాలాన్ని కూడా జరిపితే మధ్యలో మిగిలిన రోజుల అద్దె విడిగా వసూలు చేయాలి. ఉదాహరణకు 1 నుంచి 11కు జరిపితే 10 రోజులు, రోజుకు 800 చొప్పున 8,000. ఇది మర్చిపోతే ఖాళీ చేసే రోజున గొడవవుతుంది.

ఆ ఒక్క లైనులో ఇంకో లోపం ఉంది. 5వ తేదీన కట్టేది గడిచిన నెలకా, నడుస్తున్న నెలకా? మన దగ్గర రెండు పద్ధతులూ ఉన్నాయి. "జూన్ నెల అద్దె జూన్ 5లోపు" అనో, "జూన్ నెల అద్దె జూలై 5లోపు" అనో ఉదాహరణతో సహా రాయించండి. ఒక నెల బాకీయా, రెండు నెలల బాకీయా అనే వాదన ఎక్కువగా ఇక్కడే పుడుతుంది.

డబ్బు వచ్చే దారి కూడా చూడండి. యూపీఐ ఆటోపే 15,000 దాటితే ప్రతిసారీ పిన్ కొట్టాల్సిందే, కాబట్టి మీ అద్దెలకు అది గుర్తుచేసే గంట మాత్రమే. నెట్ బ్యాంకింగ్‌లో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ (ప్రతి నెలా ఆ తేదీకి బ్యాంకే డబ్బు పంపే ఏర్పాటు) పెట్టించడం మేలు. అగ్రిమెంట్ రాసుకున్న రోజే ఓనర్ ఖాతాను బెనిఫిషియరీగా చేర్పించి, ఒక రూపాయి వేయించి, పేరు సరిపోయిందో లేదో చూసుకోండి. "కొత్త ఖాతాకు లిమిట్ అడ్డొచ్చింది" అనే మాట మొదటి నెలలోనే పోతుంది. క్రెడిట్ కార్డుతో అద్దె కట్టే సదుపాయాన్ని 2025 సెప్టెంబరులో చాలా యాప్‌లు ఆపేశాయి. అప్పటిదాకా కార్డు మీద నెట్టుకొచ్చినవాళ్లలో కొందరు ఆ తర్వాతే వెనకబడ్డారు. అలాంటివాళ్లను ఒకసారి కూర్చోబెట్టి అడిగితే విషయం చెప్తారు.

గుర్తుచేసే క్రమం ప్రతి ఫ్లాటుకూ ఒకేలా ఉండాలి. గడువుకు రెండు రోజుల ముందు మెసేజ్. గడువు దాటిన మర్నాడు రెండోది. మూడో రోజు ఫోన్. ఆరో రోజు బాకీ వివరం పీడీఎఫ్‌గా వాట్సాప్‌లోనూ ఈమెయిల్‌లోనూ. పదో రోజు ముందే చెప్పి పగటిపూట ఇంటికి వెళ్లి మాట్లాడటం. పదిహేనో రోజు ఓనరుతో నోటీసు మాట. రాత్రిళ్లు తలుపు కొట్టడం, ఆఫీసుకు ఫోన్ చేయడం, అపార్ట్‌మెంట్ గ్రూపులో పేరు పెట్టడం వద్దు. బాకీ వాళ్లదైనా అప్పటి నుంచి ఫిర్యాదు మీ మీదకు తిరుగుతుంది.

మెసేజ్‌లో "అద్దె పంపండి సార్" అని రాయొద్దు. ఇలా రాయండి:

"ఫ్లాట్ 304. జూన్ అద్దె 24,000, మెయింటెనెన్స్ 3,500, మొత్తం 27,500. గడువు జూన్ 5. ఇవాళ జూన్ 6, ఇంకా జమ కాలేదు. ఏ తేదీన వేస్తున్నారో ఈ సాయంత్రంలోగా తెలపండి."

ఫ్లాట్ నంబరు, నెల, మొత్తం, గడువు అన్నీ అందులోనే ఉన్నాయి. అడిగింది కూడా తేదీ. "సరే సార్, 11న వేస్తాను" అని వచ్చే జవాబు రేపు బాకీ ఒప్పుకున్నట్టు సాక్ష్యం అవుతుంది.

సగం సగం కట్టేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోండి, కాదనకండి. కానీ రెండు విడతలకు మించి ఒప్పుకోవద్దు, రెండూ అదే నెలలో ముగియాలి. మొదటి విడత అందగానే "15,000 ముట్టింది, 12,500 మిగిలింది, 20వ తేదీలోపు" అని వెంటనే రాసి పంపండి.

ఇక అడ్వాన్స్. రెండు నెలల అడ్వాన్స్ ఉంది కదా, రెండు నెలలదాకా భయం లేదు అనుకుంటారు ఓనర్లు. మీ ఫ్లాటుకే లెక్కేయండి. అడ్వాన్స్ 48,000. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఒక నెల అద్దె పట్టుకునే షరతు ఉంటే 24,000 అందులో పోయింది. రెండు నెలల మెయింటెనెన్స్ 7,000. కరెంటు బాకీ 3,200 ఉందనుకోండి. మిగిలింది 13,800. రోజుకు 800 చొప్పున 17 రోజుల అద్దె. మీ టెనెంటు రెండు నెలలు దాటేశారు కాబట్టి అడ్వాన్స్ ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు నడుస్తున్నది ఓనర్ జేబులోంచి. అందుకే "అడ్వాన్స్‌లో పట్టుకోండి" అన్న రోజే "అడ్వాన్స్ ఖాళీ చేసేటప్పుడు సర్దుబాటుకు మాత్రమే, నెలవారీ అద్దెకు కాదు" అని జవాబు వెళ్లాలి. మీరు ఊరుకుంటే ఒప్పుకున్నారని వాదిస్తారు.

సివిల్_ప్రాక్టీస్_రంగారెడ్డి

కూకట్‌పల్లి గారు పని పద్ధతి బాగా చెప్పారు. చట్టం వైపు నుంచి నా వంతు. ఇది తెలంగాణకు చెప్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో అద్దెల చట్టం వేరు, విజయవాడ, విశాఖవాళ్లు దీన్ని యథాతథంగా తీసుకోవద్దు.

మొదట ఏ చట్టం వర్తిస్తుందో తేల్చుకోవాలి. 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం ఉంది, కానీ 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దెలు దాని బయటకు వెళ్లాయి. కట్టి 15 ఏళ్లు కాని భవనాలకూ మినహాయింపు ఉంది. మీ ఫ్లాట్లన్నీ ఆ చట్టం బయటే. కాబట్టి రెంట్ కంట్రోలర్ దగ్గరికి కాదు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కింద నోటీసు ఇచ్చి సివిల్ కోర్టులో దావా వేయాలి.

తాళం మార్చడం, నీళ్లు ఆపడం గురించి మీ ఓనరుకు గట్టిగా చెప్పండి: రెండూ చేయకూడదు. అద్దె బాకీ ఎంత ఉన్నా, చట్టప్రకారం కాకుండా ఇంట్లోంచి వెళ్లగొడితే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి టెనెంటు స్వాధీనం తిరిగి పొందొచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు, మీరు బలవంతంగా తీశారా లేదా అన్నదే చూస్తారు. సామాను బయట పెడితే క్రిమినల్ కేసు దాకా వెళ్తుంది. గట్టి కేసున్న ఓనర్ ఒక్క రోజు తొందరలో ముద్దాయి అయ్యేది ఇక్కడే.

నోటీసు సంగతి. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ప్రకారం నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు చాలు, అది అందిన రోజు నుంచి లెక్క. అయితే అది వేరే ఒప్పందం లేనప్పుడు. మీ అగ్రిమెంటులో "ఒక నెల ముందు నోటీసు" అని ఉంటే నెలే ఇవ్వండి. అనుమానం ఉంటే రెండింట్లో ఎక్కువది ఇవ్వండి, పోయేదేమీ లేదు. గడువులో ఒకటి రెండు రోజులు తగ్గినంత మాత్రాన నోటీసు చెల్లకుండా పోదు, దావా మాత్రం పూర్తి గడువు ముగిశాకే వేయాలి.

నోటీసులో ఫ్లాట్ చిరునామా, అద్దె మొత్తం, ఏయే నెలల బాకీ, నెలవారీ పట్టిక, అద్దె ఒప్పందాన్ని రద్దు చేస్తున్నామన్న స్పష్టమైన మాట, ఖాళీ చేసి స్వాధీనం ఇవ్వాల్సిన తేదీ, ఆ తర్వాత ఉంటే రోజుకు ఎంత నష్టపరిహారం అడుగుతారో ఉండాలి. "బాకీ కట్టండి, లేకపోతే తగిన చర్యలు తీసుకుంటాం" అని రాసి వదిలేసేవి డిమాండ్ నోటీసులే, వాటితో అద్దె ఒప్పందం రద్దు కాదు. చాలా దావాలు ఇక్కడే నీరసపడతాయి. ఓనర్ గానీ, రాతపూర్వక అధికారం ఉన్నవాళ్లు గానీ, వాళ్ల లాయరు గానీ సంతకం పెట్టాలి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు అడిగి తీసుకోండి. ఫ్లాటుకూ, అగ్రిమెంటులోని శాశ్వత చిరునామాకూ రెండు కవర్లు పంపండి. వాట్సాప్ కాపీ అదనం మాత్రమే.

నోటీసు ఇచ్చాక వచ్చే డబ్బు విషయంలో జాగ్రత్త. పాత బాకీ తీసుకోవచ్చు. నోటీసు గడువు ముగిశాక వచ్చిన డబ్బును "జూలై అద్దె" అని రసీదు ఇచ్చి తీసుకుంటే సెక్షన్ 113 కింద నోటీసు వదులుకున్నారని అవతలి లాయరు వాదిస్తారు. ఖాతాలో పడగానే "మా నోటీసుకు, మా హక్కులకు భంగం లేకుండా, వాడుకున్నందుకు పరిహారం కింద జమ చేసుకుంటున్నాం" అని అదే రోజు రాసి పంపండి.

11 నెలలు ఇంకా నడుస్తుండగానే రద్దు చేయాలంటే అగ్రిమెంటులో "అద్దె కట్టకపోతే ఒప్పందం రద్దు చేసి స్వాధీనం తీసుకునే హక్కు ఓనరుకు ఉంది" అనే షరతు ఉండాలి, లేకపోతే సెక్షన్ 111 కింద రద్దుకు ఆధారం దొరకదు. ఆ దారిలో వెళ్తే సెక్షన్ 114 ఉంది: విచారణలో టెనెంటు బాకీ, వడ్డీ, దావా ఖర్చులు మొత్తం కట్టేస్తే కోర్టు ఆయన్ను కొనసాగనివ్వొచ్చు. 11 నెలలు ముగిసి నెలవారీగా నడుస్తున్నవాటిలో సెక్షన్ 106 దారే శుభ్రంగా ఉంటుంది.

"11 నెలలైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అన్న మాట మీద మన దగ్గర పూర్తిగా ఆధారపడొద్దు. మన రాష్ట్ర సవరణ ప్రకారం లీజులన్నీ రిజిస్ట్రేషన్ పరిధిలోకే వస్తాయి. రిజిస్టర్ కాని కాగితంలోని షరతులు కోర్టులో బలహీనం. స్టాంపు డ్యూటీ తక్కువైతే జరిమానాతో సహా కట్టాకే దాన్ని సాక్ష్యంగా తీసుకుంటారు. అయినా అద్దెకు ఉంటున్నారన్న సంగతినీ, అద్దె ఎంతో అన్నదాన్నీ బ్యాంకు స్టేట్‌మెంట్లు రుజువు చేస్తాయి. నగదు తీసుకోవద్దని చెప్పేది ఇందుకే.

లేట్ ఫీజు: రోజుకు 500 అని రాసినా కోర్టులో నిలవడం కష్టం. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం రాసుకున్న మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే, కోర్టు ఇచ్చేది సబబైన పరిహారం. 24,000 మీద ఏడాదికి 18 శాతం వడ్డీ వేసినా రోజుకు 12 రూపాయల లోపే. గడువు తర్వాత ఐదు రోజులు చూసి, ఆ నెలకు ఒక్కసారి 500 అని రాయించండి. అది ఎవరికీ అన్యాయంగా అనిపించదు, అడిగేటప్పుడు మీకూ మొహమాటం ఉండదు.

దావాలో మూడు అడగాలి: స్వాధీనం, బాకీ అద్దె, ఖాళీ చేసేదాకా వాడుకున్నందుకు పరిహారం. బాకీ అద్దెకు కాలపరిమితి మూడేళ్లు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో మన హైకోర్టు చేర్చిన ఆర్డర్ 15-ఎ ఉంది. దావా నడుస్తుండగా ఒప్పుకున్న బాకీని, నెలనెలా అద్దెను టెనెంటు జమ చేయకపోతే ఆయన వాదనను కొట్టేయమని అడగొచ్చు. మీ లాయరు మొదటి వాయిదాల్లోనే ఈ పిటిషన్ వేసేలా చూసుకోండి. కేసు ఎంతకాలం సాగుతుందనేది ఎక్కువగా దీని మీదే ఆధారపడుతుంది.

దావాకు ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ దరఖాస్తు ఇవ్వండి. కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ కూర్చుని "ఫలానా తేదీకి ఖాళీ, బాకీ మూడు విడతల్లో" అని ఒప్పుకుంటే లోక్ అదాలత్ అవార్డు వస్తుంది. అది కోర్టు ఇచ్చే డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. రెండు మూడు నెలల బాకీ ఉన్న కేసులకు ఇంతకంటే మంచి దారి లేదన్నది నా గట్టి అభిప్రాయం.

చెక్కులు తీసుకుని ఉంటే: చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి. బౌన్స్ అయినట్టు బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు, అందాక 15 రోజులు గడువు, అప్పటికీ కట్టకపోతే నెలలోపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద ఫిర్యాదు. ఇందులో ఏ తేదీ తప్పినా ఆ చెక్కు మీద క్రిమినల్ కేసు చిక్కుల్లో పడుతుంది.

లెక్కల_పుస్తకం

లెక్క రాసే పద్ధతి మీద కొంచెం. ప్రతి ఫ్లాటుకూ విడి పేజీ, అందులో అద్దె, మెయింటెనెన్స్, కరెంటు, లేట్ ఫీజు విడివిడి గడులు. అన్నీ ఒకే మొత్తంగా రాస్తే మిగిలిన 12,500 దేని తాలూకో ఎవరూ చెప్పలేరు.

సగం సగం కట్టేవాళ్ల విషయంలో వచ్చే చిక్కు ఇది. మార్చిలో 27,500 రావాలి, 15,000 వచ్చింది, 12,500 మిగిలింది. ఏప్రిల్ 8న 27,500 వేశారు. దీన్ని దేనికి జమ చేయాలి? కాంట్రాక్టు చట్టం సెక్షన్ 59 నుంచి 61 దాకా సమాధానం ఉంది. యూపీఐ రిమార్కులో "ఏప్రిల్ అద్దె" అని వాళ్లు రాస్తే అది ఏప్రిల్‌కే, మార్చి 12,500 అలాగే ఉంటుంది. ఏమీ రాయకపోతే మీరు పాత బాకీకి జమ చేసుకోవచ్చు, కానీ అదే రోజు వాళ్లకు తెలియజేయండి. ఇద్దరూ ఏమీ చెప్పకపోతే పాత తేదీ నుంచి వరుసగా తీరుతుంది. నోటీసులో "మార్చి బాకీ" అని రాసి, మీ లెడ్జర్‌లో మార్చి తీరిపోయి ఏప్రిల్ మిగిలినట్టు ఉంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న అదే.

రసీదుల దగ్గర ఒక ఉచ్చు ఉంది. జనవరిలో పన్ను మినహాయింపు కోసం ఆఫీసు హెచ్ఆర్‌కు ఇవ్వాలని టెనెంట్లు మార్చి దాకా రసీదులు అడుగుతారు. ఇంకా రాని నెలకు సంతకం పెట్టిన రసీదు ఇస్తే ఆ నెల అద్దె ముట్టిందని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు. వచ్చిన నెలలకే రసీదు, మిగతా నెలలకు "అగ్రిమెంటు ప్రకారం నెలకు 24,000 చెల్లించవలసి ఉంది" అని ఒక లేఖ ఇవ్వండి. ఏడాది అద్దె లక్ష దాటితే ఓనర్ పాన్ కూడా అడుగుతారు, ముందే తెప్పించి పెట్టుకోండి.

అలాగే తక్కువ వచ్చిందల్లా బాకీ కాదు. ఓనర్ ఎన్నారై అయితే ఎంత అద్దెకైనా టెనెంటు టీడీఎస్ (అద్దెలోంచి ముందే కోసే ఆదాయ పన్ను) పట్టి కట్టాలి. 30 శాతం, సెస్సుతో 31.2. మీ 24,000 మీద 7,488 పోయి 16,512 వస్తుంది. తక్కువ కోయమని ఆదాయ పన్ను శాఖ ఇచ్చే లోయర్ డిడక్షన్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఓనరుకు కోత తగ్గుతుంది. ఓనర్ ఇక్కడే ఉంటే నెలకు 50,000 దాటిన అద్దె మీదే 2 శాతం, మీ ఫ్లాట్లకు అది రాదు. దుబాయ్, అమెరికా ఓనర్ల ఫ్లాట్లలో ఇది మొదటి నెలలోనే రాతపూర్వకంగా తేల్చుకోండి.

అద్దెకుంటున్నా_గచ్చిబౌలి

టెనెంట్ల వైపు నుంచి రెండు మాటలు. సక్రమంగా కట్టేవాళ్లు ఆలస్యం చేసే సందర్భాలు ఎక్కువగా రెండు. ఒకటి, ఈ నెల ఓనర్ ఖాతాకు, వచ్చే నెల మేనేజర్ నంబరుకు, ఆపై నెల ఓనర్ అన్నయ్యకు వేయమనడం. మోసమేమోనన్న అనుమానంతో ఆగుతారు, ఆగడం న్యాయమే. ఖాతా మారితే ఓనర్ ఈమెయిల్ నుంచే మాట రావాలి.

రెండోది రిపేర్లు. గీజర్ పోయింది, బాత్రూం లీకేజీ కింది ఫ్లాటుకు దిగుతోంది, చెప్పి నెల అయినా ఎవరూ రారు. అప్పుడు టెనెంటు తానే చేయించి అద్దెలో కోస్తారు. ఓనర్ చేయించాల్సిన రిపేరును చెప్పినా చేయించకపోతే ఖర్చు అద్దెలో తగ్గించుకునే వీలు ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108లోనే ఉంది. ఏ రిపేరు ఎవరిదో అగ్రిమెంటులో రాయండి, 2,000 లోపు పనులకు ఓనరును అడగకుండా చేయించే అధికారం మేనేజరుకు ఉండేలా చూడండి. ఆలస్యాలు వాటంతటవే తగ్గుతాయి.

మియాపూర్_ఫ్లాట్స్

అందరికీ చాలా థాంక్స్ అండీ. తాళం మాట ఓనరుతో మాన్పించాను. 304 వాళ్లతో మాట్లాడితే "నెలాఖరుకు ఖాళీ చేస్తాం, బాకీ తర్వాత చూద్దాం" అంటున్నారు. నోటీసు ఆపాలా? ఓనర్ అమెరికాలో ఉన్నారు, సంతకం ఎలా? ఖాళీ చేసే రోజు బాకీ కట్టకపోతే గేటు దగ్గర సామాను ఆపొచ్చా?

సివిల్_ప్రాక్టీస్_రంగారెడ్డి

నోటీసు ఆపకండి. ఆ మాట ప్రకారం ఖాళీ చేస్తే నోటీసు వల్ల నష్టం లేదు, చేయకపోతే మీకు నెల కలిసొస్తుంది.

నోటీసుకు ఓనర్ సంతకం చేసిన అధికార పత్రం స్కాన్ వచ్చినా పని మొదలవుతుంది, అసలు కాగితం వెనకే తెప్పించుకోండి. దావా దాకా వెళ్తే ఈ కేసు మట్టుకు ఓనర్ తరఫున వ్యవహరించే అధికారమిచ్చే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాలి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. అద్దె వసూలు చేసింది, మెసేజ్‌లు పెట్టింది మీరే కాబట్టి కోర్టులో ఆ సంగతులకు మీరే సాక్షి. ఫోన్ మార్చినా ఆ చాట్లు పోకుండా చూసుకోండి.

"బాకీ తర్వాత చూద్దాం" అన్న మాటను కాగితం మీదకు తెండి. "31-5 నాటికి అద్దె బాకీ 48,000, మెయింటెనెన్స్ 7,000, మొత్తం 55,000 అని అంగీకరిస్తున్నాను. జూన్ 30న ఖాళీ చేసి తాళాలు అప్పగిస్తాను. జూన్ అద్దెతో కలిపి అడ్వాన్స్ పోగా తేలిన మొత్తాన్ని ఫలానా తేదీల్లో రెండు విడతలుగా చెల్లిస్తాను" అని రాసి ఇద్దరూ సంతకం పెట్టండి, శాశ్వత చిరునామా, ఆధార్ కాపీ జత చేయండి. అప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టిన రోజు నుంచి మూడేళ్ల కాలపరిమితి మళ్లీ మొదలవుతుంది. ఈ కాగితంతో లోక్ అదాలత్‌కు వెళ్తే ఇంకా మంచిది.

అసోసియేషన్_సెక్రటరీ_నిజాంపేట్

గేటు ప్రశ్నకు నేను చెప్తాను, ఎందుకంటే ఓనర్లు ఈ పని మా సెక్యూరిటీ చేత చేయించాలని చూస్తారు. సామాను లారీని ఆపడం, మనిషిని కదలనివ్వకపోవడం అక్రమంగా అడ్డగించడం కింద వస్తుంది, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 126 చూడండి. కేసు పడేది గేటు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ మీద, సంతకం పెట్టిన కమిటీ మీద. నీళ్లు ఆపడమూ అంతే. మెయింటెనెన్స్ బాకీకి అసోసియేషన్ అడగాల్సింది ఫ్లాటు ఓనర్‌నే, టెనెంటు దగ్గర వసూలు చేసుకోవడం ఓనర్ పని.

మేం చేయగలిగింది ఇది. ఖాళీ చేసే వారం ముందు ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఫారం ఇస్తాం. అందులో మెయింటెనెన్స్ బాకీ, డ్యామేజీ, పార్కింగ్ స్టిక్కరు, గేటు కార్డుల వివరం ఉంటుంది. ఆ ఫారం కాపీ మీకు ముందే అందేలా మీ కమిటీని అడగండి, ఖాళీ తేదీ ముందే తెలుస్తుంది.

కరెంటు బిల్లు మాత్రం మర్చిపోవద్దు. సర్వీసు నంబరు ఓనర్ పేరు మీదే ఉంటుంది, బాకీ మీటరును అంటిపెట్టుకునే ఉంటుంది, కొత్తగా వచ్చినవాళ్లకు సప్లై ఆగేది దానికే. ప్రతి నెలా 15 తర్వాత టీజీఎస్‌పీడీసీఎల్ యాప్‌లో అన్ని సర్వీసు నంబర్లూ ఒకసారి చూడండి. అద్దె కంటే ముందు కరెంటు బిల్లు కట్టడం ఆపేస్తారు చాలామంది, కాబట్టి రెండు బిల్లులు వరుసగా పెండింగ్ కనబడితే ఆ ఇంటి పరిస్థితి బాగాలేదని అర్థం, అప్పుడే పలకరించండి. ఖాళీ చేసే రోజు ఇద్దరూ మీటరు దగ్గర నిలబడి రీడింగ్ ఫోటో తీసుకోండి. చివరి బిల్లు రీడింగు నుంచి ఆ రోజు రీడింగు దాకా ఎన్ని యూనిట్లో చూసి, ఆ ఇంటి నెలవారీ వాడకం ఏ స్లాబులో పడుతుందో ఆ రేటుతోనే లెక్కేయండి. నాలుగైదు రోజుల యూనిట్లు తక్కువగా ఉన్నాయని కింది స్లాబు రేటు వేస్తే నెలాఖరు బిల్లులో తేడా ఓనర్ మీద పడుతుంది.